రెటీనా అయాన్ చానళ్ళు, జన్యు చికిత్స

రెటీనా అయాన్ చానళ్ళు అనేవి కంటి వెనుక గోడను అంటిపెట్టుకొని ఉండే రెటీనా (నేత్రపటలం) కణాల పొరలో అమరి ఉన్న అతి సూక్ష్మమైన ప్రోటీను ద్వారాలు. సోడియం, కాల్షియం, పొటాషియం వంటి మూలకాల అయానులు, అనగా విద్యుదావేశం కలిగిన పరమాణువులు, ఈ ద్వారాల గుండా కణం లోపలికి, వెలుపలికి ప్రయాణిస్తాయి. కంటిలో పడిన వెలుగు మెదడు గ్రహించగల విద్యుత్ సంకేతంగా మారేది ఈ ద్వారాల వద్దనే. ఈ ద్వారాలను తయారుచేసే జన్యువులలో గాని, వాటికి తోడ్పడే ప్రోటీనుల జన్యువులలో గాని లోపం ఉంటే పుట్టుకతోనో, కొంత వయసు వచ్చిన తరువాతనో చూపు దెబ్బతింటుంది. లోపమున్న జన్యువుకు తోడుగా సరైన ప్రతిని రెటీనా కణాలలోకి చేర్చి చూపును నిలబెట్టే ప్రయత్నాన్ని రెటీనా జన్యు చికిత్స అంటారు.

ఈ రెండు రంగాలలోనూ పరిశోధన చేసిన భారత సంతతి శాస్త్రవేత్తలలో అమెరికాలోని ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి చెందిన రాజు వి. ఎస్. రాజాల ఒకరు. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు ఎక్కువగా జరిగే తెలుగు ప్రాంతాలలో, గోదావరి జిల్లాలతో సహా, వంశపారంపర్య రెటీనా వ్యాధులు అనేక కుటుంబాలకు సంబంధించిన విషయం. అందువలన ఈ పరిశోధన ఎంతవరకు వచ్చింది, దాని నుండి ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించరాదు అన్నది తెలుసుకోవడం అవసరం.

రెటీనా నిర్మాణం

కన్నును కెమెరాతో పోలిస్తే రెటీనా ఫిల్ము వంటిది. ఇందులో వెలుగును పట్టుకొనే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో చూడటానికి ఉపయోగపడేవి దండకణాలు. ఇవి ఒక్కొక్క కంటిలో సుమారు 12 కోట్లు ఉంటాయని అంచనా. పగటి వెలుగులో రంగులను, సన్నని వివరాలను చూపేవి శంకుకణాలు. ఇవి సుమారు 60 లక్షలు. దండకణాలు రెటీనా అంచుల వైపు ఎక్కువగా ఉంటే, శంకుకణాలు నడుమనున్న చిన్న గుంట వద్ద గుమిగూడి ఉంటాయి. దండకణాలు దెబ్బతింటే ముందు రాత్రి చూపు, పిదప పక్కచూపు పోతాయి. శంకుకణాలు దెబ్బతింటే చదవడం, ముఖాలు గుర్తుపట్టడం, రంగులు తెలియడం కష్టమవుతుంది.

దండ, శంకు కణాలకు వెనుకగా నల్లని వర్ణకం నిండిన కణాల పొర ఒకటి ఉంది. దీనిని వర్ణక కణాల పొర అంటారు. వెలుగును పట్టుకొని అరిగిపోయిన విటమిన్-ఏ రూపాన్ని తిరిగి పనికివచ్చే రూపంలోకి మార్చి ఇవ్వడం, దండకణాలు రోజూ రాల్చే పాత పొరలను శుభ్రం చేయడం ఈ పొర పనులు. ఇది చెడితే ముందున్న దండ, శంకు కణాలు కూడా క్రమంగా నశిస్తాయి.

అయాన్ చానల్ అంటే ఏమిటి?

ప్రతి జీవకణం చుట్టూ కొవ్వు పదార్థంతో తయారైన పలుచని త్వచం ఉంటుంది. విద్యుదావేశమున్న అయానులు ఈ కొవ్వు పొరను దాటలేవు. వాటికి దారి ఇవ్వడానికి త్వచంలో అక్కడక్కడ ప్రోటీను ద్వారాలు ఉంటాయి. ఇవే అయాన్ చానళ్ళు.

ధవళేశ్వరం వద్ద గోదావరి మీదనున్న బ్యారేజీని చూసినవారికి ఈ విషయం సులభంగా అర్థమవుతుంది. ఆ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. గేటుకు ఎగువన నీటిమట్టం ఎక్కువ, దిగువన తక్కువ. గేటు ఎత్తితే నీరు దానంతట అదే పారుతుంది; దించితే ఆగుతుంది. అయాన్ చానల్ కూడా అంతే. కణం వెలుపల సోడియం ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటుంది. ద్వారం తెరుచుకుంటే సోడియం లోపలికి వస్తుంది. అయితే ఈ ద్వారాలు సెకనులో వెయ్యో వంతు కాలంలోనే తెరుచుకొని మూసుకోగలవు. ఒక్కొక్క రకం ద్వారం కొన్ని అయానులను మాత్రమే పోనిస్తుంది.

ఒకే ఒక్క చానల్ గుండా పారే విద్యుత్తును కొలిచే పద్ధతిని కనిపెట్టినందుకు జర్మనీకి చెందిన ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ లకు 1991లో నోబెల్ బహుమతి లభించింది. పొటాషియం చానల్ నిర్మాణాన్ని వివరించిన రోడరిక్ మెకినన్ 2003లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

చీకటి ప్రవాహం

దండకణం పనిచేసే తీరు మొదట వినేవారికి తలకిందులుగా తోస్తుంది. సాధారణంగా నాడీకణానికి ఉద్దీపన కలిగినప్పుడు చానళ్ళు తెరుచుకొని విద్యుత్తు పారుతుంది. దండకణంలో చీకటిగా ఉన్నప్పుడే చానళ్ళు తెరుచుకొని ఉంటాయి; వెలుగు పడినప్పుడు మూసుకుంటాయి. చీకటిలో సోడియం, దానితో కొంత కాల్షియం ఎడతెగకుండా కణంలోకి వస్తూ ఉంటాయి. దీనిని చీకటి ప్రవాహం అంటారు.

ఈ ద్వారాన్ని తెరిచి పట్టుకొనేది సైక్లిక్ జి.ఎం.పి. అనే చిన్న అణువు. ఇది చానల్‌కు లోపలి వైపున అతుక్కుంటే ద్వారం తెరుచుకుంటుంది, విడిపోతే మూసుకుంటుంది. ఈ కారణంగా దీనికి సైక్లిక్ న్యూక్లియోటైడ్ ద్వారపు చానల్ అని పేరు. పొడి అక్షరాలలో సి.ఎన్.జి. చానల్ అంటారు. వాహనాలలో వాడే ఇంధన వాయువుకు, దీనికి పేరులో తప్ప మరే సంబంధమూ లేదు. సైక్లిక్ జి.ఎం.పి. నేరుగా చానల్‌ను తెరుస్తుందని 1985లో సోవియట్ శాస్త్రవేత్త ఫెసెంకో, ఆయన సహచరులు చూపించారు. అంతకుముందు ఈ పనిని కాల్షియమే చేస్తుందని చాలామంది భావించేవారు.

లోపలికి వచ్చిన సోడియంను ఎప్పటికప్పుడు బయటకు తోడివేయకపోతే కణం బతకదు. ఆ తోడే పని చేసే పంపు ఏ.టి.పి. అనే శక్తి అణువును ఖర్చుచేస్తుంది. కాబట్టి దండకణం వెలుగులో కన్న చీకటిలోనే ఎక్కువ శక్తిని వాడుకుంటుంది. ఇక్కడ గోదావరి జిల్లాలకు సంబంధించిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఈ ఏ.టి.పి.ని కండరాల నుండి వేరుచేసి 1929లో ప్రకటించాడు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని కనుగొన్నాడు. రెటీనా కణాలు ఎందుకు అంత సులభంగా అలసి నశిస్తాయన్న ప్రశ్నకు జవాబు వెదికేవారు ఈనాటికీ ఏ.టి.పి. లెక్కతోనే మొదలుపెట్టవలసి ఉంటుంది.

వెలుగు పడినప్పుడు జరిగేది

దండకణంలో రొడాప్సిన్ అనే ప్రోటీను ఉంటుంది. దీని నడుమ విటమిన్-ఏ నుండి తయారైన రెటినాల్ అనే అణువు వంగి కూర్చొని ఉంటుంది. కాంతి రేణువు తగిలినప్పుడు రెటినాల్ నిటారవుతుంది. దీనితో ఈ క్రింది వరుస మొదలవుతుంది.

మొదట, ఆకారం మారిన రొడాప్సిన్, ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రోటీనును మేలుకొలుపుతుంది.

రెండవది, ట్రాన్స్‌డ్యూసిన్, ఫాస్ఫోడయెస్టరేజ్ అనే ఎంజైమును పనిలోకి దింపుతుంది.

మూడవది, ఆ ఎంజైము సైక్లిక్ జి.ఎం.పి.ని విరిచివేస్తుంది.

నాలుగవది, పట్టు తప్పిన సి.ఎన్.జి. చానళ్ళు మూసుకుంటాయి. సోడియం రాక ఆగి కణం లోపలి ఋణ విద్యుత్తు పెరుగుతుంది.

అయిదవది, దండకణం తన పక్క కణానికి ఎడతెగకుండా పంపుతున్న గ్లుటమేట్ అనే రసాయనం తగ్గుతుంది. ఈ తగ్గుదలనే తరువాతి కణాలు వెలుగుగా గుర్తించి, దృక్ నాడి ద్వారా మెదడుకు కబురు చేరవేస్తాయి.

ఈ వరుసలో ప్రతి మెట్టు వద్ద సంకేతం పెద్దదవుతుంది. ఒక్క కాంతి రేణువు వందలాది చానళ్ళను మూయించగలదు. అమావాస్య రాత్రి పొలం గట్టు మీద నడిచేవానికి చుక్కల వెలుతురులో దారి కనిపించడానికి కారణం ఇదే. రెటినాల్ వంపు తిరగడమే చూపుకు నాంది అని నిరూపించిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

చానల్ జన్యువులు, వ్యాధులు

దండకణంలోని సి.ఎన్.జి. చానల్ నాలుగు ముక్కలతో కూడినది. వాటిలో మూడు సి.ఎన్.జి.ఏ1 అనే జన్యువు నుండి, ఒకటి సి.ఎన్.జి.బి1 అనే జన్యువు నుండి తయారవుతాయి. శంకుకణంలోని చానల్‌కు సి.ఎన్.జి.ఏ3, సి.ఎన్.జి.బి3 అనే వేరే జన్యువులు ఉన్నాయి. కాబట్టి ఏ జన్యువు చెడితే ఏ కణం దెబ్బతింటుందో ముందే ఊహించవచ్చు.

దండకణ జన్యువులలో లోపం ఉంటే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వ్యాధి వస్తుంది. మొదటి లక్షణం రేచీకటి. తరువాత చూపు పరిధి చుట్టూ కుంచించుకుపోయి గొట్టంలోనుండి చూస్తున్నట్లు ఉంటుంది. ఈ వ్యాధి ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అయితే దీనికి కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి, సి.ఎన్.జి. జన్యువుల వాటా వాటిలో కొద్దిపాటిదే.

శంకుకణ జన్యువులలో లోపం ఉంటే పూర్తి వర్ణాంధత్వం వస్తుంది. ఈ బిడ్డలు రంగులు గుర్తించలేరు, పగటి వెలుగును భరించలేరు, కనుగుడ్లు అదురుతూ ఉంటాయి. పసిఫిక్ మహాసముద్రంలోని పింగెలాప్ దీవి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 1775 ప్రాంతంలో వచ్చిన తుపానులో ఆ దీవిలో సుమారు ఇరవై మంది మాత్రమే మిగిలారు. మిగిలినవారిలో ఒకరికి సి.ఎన్.జి.బి3 లోపం ఉండటం వలన, వారి సంతతి ఒకరినొకరు పెళ్ళాడగా, కొన్ని తరాలకు ఆ దీవిలో ఈ వ్యాధి అసాధారణంగా పెరిగిపోయింది.

చానల్ మూసుకోకపోవడం కూడా ప్రమాదమే. ఫాస్ఫోడయెస్టరేజ్ జన్యువు చెడినప్పుడు సైక్లిక్ జి.ఎం.పి. పేరుకుపోయి ద్వారాలు అదుపు తప్పి తెరుచుకొని ఉంటాయి. కణంలోకి కాల్షియం అతిగా చేరుతుంది, దండకణం నశిస్తుంది.

ఇన్సులిన్ గ్రాహకం: రాజాల పరిశోధనలు

ఇన్సులిన్ అనగానే రక్తంలోని చక్కెర గుర్తుకు వస్తుంది. అయితే ఇన్సులిన్‌ను అందుకొనే గ్రాహక ప్రోటీను రెటీనాలో కూడా ఉంది. ఇది అక్కడ ఏమి చేస్తుంది అన్నది రాజాల పరిశోధనలకు కేంద్రమైన ప్రశ్న. రాబర్ట్ ఆండర్సన్ తదితరులతో కలిసి ఆయన 2002లో ప్రచురించిన వ్యాసంలో, కంటి మీద వెలుగు పడినప్పుడు రెటీనాలోని ఇన్సులిన్ గ్రాహకం చైతన్యవంతమవుతుందని చూపించారు. అనగా ఒక హార్మోను కోసం ఏర్పడిన గ్రాహకం ఇక్కడ వెలుగుకు స్పందిస్తున్నది. రొడాప్సిన్ మీద కాంతి పడటమే దీనికి నాంది అని తరువాతి ప్రయోగాలలో తేలింది.

ఈ స్పందన వలన ప్రయోజనం ఏమిటి? దండకణాలలో మాత్రం ఇన్సులిన్ గ్రాహకం లేకుండా చేసిన ఎలుకల మీద జరిపిన పరిశోధనను ఈ బృందం 2008లో వెల్లడించింది. ఆ ఎలుకల దండకణాలు తీవ్రమైన వెలుగు తాకిడికి మామూలు ఎలుకల కణాల కన్న త్వరగా నశించాయి. దీనినిబట్టి ఈ గ్రాహకం దండకణానికి బతుకు సంకేతాన్ని అందిస్తున్నదని తెలుస్తుంది. వెలుగును చూడటమే పనిగా గల కణాన్ని ఆ వెలుగు వలన కలిగే హాని నుండి కాపాడే ఏర్పాటు ఇది. మధుమేహమున్న ఎలుకల రెటీనాలో ఈ గ్రాహకపు చైతన్యం తగ్గుతుందని 2009లో ప్రచురించిన వ్యాసంలో ఈ బృందం పేర్కొంది.

ఈ పరిశోధన అయాన్ చానళ్ళతో ముడిపడింది 2010లో. గ్రాబ్14 అనే ప్రోటీను ఇన్సులిన్ గ్రాహకానికి అతుక్కొని దాని పనిని నియంత్రిస్తుందని అప్పటికే తెలుసు. గుప్త, రాజాల తదితరులు ఈ ప్రోటీను దండకణపు సి.ఎన్.జి. చానల్‌కు కూడా అతుక్కొని, సైక్లిక్ జి.ఎం.పి.కి ఆ చానల్ స్పందించే తీరును తగ్గిస్తుందని చూపించారు. ఇన్సులిన్ గ్రాహకం సైతం ఈ చానల్‌ను నియంత్రిస్తుందని 2012లో మరొక వ్యాసంలో వివరించారు. అంతవరకు సి.ఎన్.జి. చానల్‌ను సైక్లిక్ జి.ఎం.పి., కాల్షియంల ఆధీనంలోని తలుపుగానే ఎక్కువగా చూసేవారు. ఆ తలుపు గడియ మీద కణపు పోషణ వ్యవస్థకు కూడా చెయ్యి ఉన్నదని ఈ పరిశోధన సూచించింది.

దీని వెనుకనున్న భావన చికిత్సకు కూడా ముఖ్యమైనదే. రెటినైటిస్ పిగ్మెంటోసాకు కారణమయ్యే జన్యువులు అనేకం. ఒక్కొక్క జన్యువుకు ఒక్కొక్క చికిత్స తయారుచేయడం ఎంతో కాలం, ధనం తీసుకొనే పని. జన్యులోపం ఏదైనా, కణాన్ని బతికించే సంకేతాన్ని బలపరచగలిగితే పలు రకాల వ్యాధులకు ఒకే మందు పనిచేయవచ్చు. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న ఆలోచన మాత్రమే.

జన్యు చికిత్స: వైరస్ ద్వారా

జన్యు చికిత్సకు కన్ను అనువైన అవయవం. ఇది చిన్నది, కనుక మందు కొద్దిగా చాలు. రక్తం నుండి కొంతవరకు వేరుపడి ఉండటం వలన రోగనిరోధక వ్యవస్థ దాడి తక్కువ. కంటిపాప గుండా లోపలి మార్పును నేరుగా చూడవచ్చు. ఒక కంటికి చికిత్స చేసి రెండవ కంటితో పోల్చవచ్చు.

ఈ రంగంలో తొలి విజయం ఆర్.పి.ఇ.65 అనే జన్యువుతో లభించింది. అరిగిన విటమిన్-ఏ రూపాన్ని తిరిగి వంపు రూపానికి మార్చే వరుసలో ముఖ్యమైన ఎంజైము దీని నుండి తయారవుతుంది. ఈ జన్యువు రెండు ప్రతులూ చెడిన బిడ్డలకు లీబర్ పుట్టు అంధత్వం అనే వ్యాధి వస్తుంది. జర్మన్ వైద్యుడు థియొడోర్ లీబర్ 1869లో దీనిని వర్ణించాడు. ఇదే లోపంతో పుట్టిన బ్రియార్డ్ జాతి కుక్కలకు సరైన జన్యువును అందించి చూపు తెప్పించినట్లు 2001లో ప్రకటించారు. 2008లో లండన్, ఫిలడెల్ఫియాలలో మనుషుల మీద జరిగిన తొలి ప్రయోగాల ఫలితాలు వెలువడ్డాయి. జీన్ బెనెట్, ఆల్బర్ట్ మెగ్వైర్ తదితరుల కృషి ఫలితంగా రూపొందిన లక్స్‌టర్నా అనే మందుకు 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది.

ఈ మందులో జన్యువును మోసుకుపోయేది ఎ.ఎ.వి. అనే హానిలేని చిన్న వైరస్. వైద్యుడు సన్నని సూదితో రెటీనా కింద దీనిని ఉంచుతాడు. వైరస్ కణంలోకి వెళ్ళి జన్యువును విడిచిపెడుతుంది. కణం ఆ జన్యువును చదివి లేని ఎంజైమును తయారుచేసుకుంటుంది.

వైరస్ లేని మార్గం

ఎ.ఎ.వి. వైరస్‌కు ఒక ఇబ్బంది ఉంది. దీనిలో సుమారు 4,700 అక్షరాల జన్యు లిపి మాత్రమే పడుతుంది. రెటీనా వ్యాధులకు తరచుగా కారణమయ్యే ఎ.బి.సి.ఏ4 జన్యువు లిపి దాదాపు 6,800 అక్షరాలు; అది ఇందులో ఇమడదు. పైగా ఒకసారి వైరస్ వాడిన తరువాత శరీరంలో ప్రతిరక్షకాలు ఏర్పడి రెండవసారి వాడటం కష్టం కావచ్చు.

ఈ చిక్కును తప్పించడానికి రాజాల బృందం మరొక మార్గాన్ని ప్రయత్నించింది. కొవ్వు పదార్థపు బుడగ, ప్రోటమిన్ అనే ప్రోటీను, డి.ఎన్.ఏ. ఈ మూడింటినీ కలిపి నానో పరిమాణంలో ఒక పొట్లంగా కట్టారు. కణత్వచాన్ని దాటడానికి ఒక చిన్న ప్రోటీను ముక్కను, కేంద్రకంలోకి దారి చూపడానికి మరొక ముక్కను దానికి జోడించారు. ఫలానా రకం కణంలోనే జన్యువు పనిచేసేటట్లు తగిన మీట కూడా అమర్చారు. ఆర్.పి.ఇ.65 జన్యువు లేని గుడ్డి ఎలుకలకు ఈ పొట్లం ద్వారా ఆ జన్యువును అందించగా వాటి చూపు గణనీయంగా మెరుగుపడిందని 2014లో ప్రచురించారు. ఇది ఎలుకల మీద జరిగిన పరిశోధన అని గుర్తుంచుకోవాలి. మనుషులలో వాడకానికి వచ్చిన చికిత్స కాదు.

చానల్ వ్యాధులకు చికిత్స

అయాన్ చానల్ జన్యువులకు నేరుగా చికిత్స చేసే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. సి.ఎన్.జి.ఏ3 లోపం వలన పూర్తి వర్ణాంధత్వం కలిగిన తొమ్మిది మందికి జర్మనీలో జన్యు చికిత్స చేసిన ఫలితాలను 2020లో వెల్లడించారు. చికిత్స సురక్షితమని తేలింది. చూపులో మెరుగు మాత్రం స్వల్పం. పుట్టినది మొదలు రంగులు తెలియని మెదడు పెద్దయిన తరువాత కంటి నుండి వచ్చే కొత్త సంకేతాన్ని అర్థం చేసుకోవడం కష్టమని, అందువలన చిన్న వయసులోనే చికిత్స అవసరమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

వర్ణక కణాల పొరలో కె.ఐ.ఆర్.7.1 అనే పొటాషియం చానల్ ఉంది. దీనికి కె.సి.ఎన్.జె.13 అనే జన్యువు ఆధారం. ఈ జన్యువు చెడితే లీబర్ అంధత్వంలో పదహారవ రకం వస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన బికాశ్ పట్నాయక్ బృందం ఈ వ్యాధి మీద విశేషంగా కృషి చేసింది. 2019లో ఈ బృందం రోగి నుండి తయారుచేసిన కణాలలో జన్యువును చేర్చి చానల్ పనిని తిరిగి తెప్పించింది. 2023లో మరొక అడుగు ముందుకు వేసి, కొత్త జన్యువును చేర్చడానికి బదులు, చెడిన జన్యువులోని ఒకే ఒక్క అక్షరాన్ని దిద్దే పద్ధతిని వైరస్ సహాయం లేకుండా ఎలుకలలో ప్రయోగించి చూపును కాపాడగలిగింది.

వెలుగుకు స్పందించే నాచు చానల్

దండ, శంకు కణాలు పూర్తిగా నశించిన కంటిలో జన్యువును సరిచేయడానికి కణమే మిగలదు. ఇటువంటివారి కోసం అయాన్ చానళ్ళనే పనిముట్టుగా వాడే పద్ధతి ఒకటి రూపొందుతున్నది. నీటిలోని పచ్చని ఏకకణ నాచులో వెలుగు పడగానే తెరుచుకొనే చానల్ ఒకటి ఉందని 2002-2003లో పీటర్ హెగెమన్, గియోర్గ్ నాగెల్ తదితరులు కనుగొన్నారు. మామూలుగా వెలుగును గుర్తించలేని రెటీనా కణాలలో ఈ కోవకు చెందిన చానల్ జన్యువును చేర్చితే అవి వెలుగుకు స్పందిస్తాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా వలన చూపు కోల్పోయిన 58 ఏళ్ళ వ్యక్తి, ఈ చికిత్స తరువాత ప్రత్యేకమైన కళ్ళద్దాల సాయంతో బల్ల మీది వస్తువులను గుర్తించి తాకగలిగాడని 2021లో ప్రకటించారు. ఇది పాక్షికమైన చూపు మాత్రమే. అయితే ఈ పద్ధతికి వ్యాధి ఏ జన్యువు వలన వచ్చిందన్న దానితో పని లేదు.

పరిమితులు

జన్యు చికిత్స పేరు వినగానే గుడ్డితనం అంతా పోతుందని అనుకోవడం పొరపాటు.

లక్స్‌టర్నా ఆర్.పి.ఇ.65 లోపానికి మాత్రమే పనిచేస్తుంది. మిగిలిన జన్యువుల లోపాలకు దాని వలన ఉపయోగం లేదు.

రెటీనాలో బతికి ఉన్న కణాలు మిగిలి ఉండాలి. చనిపోయిన కణాన్ని జన్యువు బతికించలేదు.

ఫలితం శాశ్వతమని చెప్పలేము. తొలి ప్రయోగాలలో చికిత్స పొందిన కొందరిలో కొన్నేళ్ళకు మెరుగు తగ్గినట్లు 2015లో వెలువడిన వ్యాసాలు తెలిపాయి.

ధర అందుబాటులో లేదు. అమెరికాలో విడుదలైనప్పుడు లక్స్‌టర్నా ధర రెండు కళ్ళకు 8,50,000 డాలర్లు. ఇది అప్పటి మారకం ప్రకారం అయిదు కోట్ల రూపాయలకు పైమాట.

తెలుగు ప్రాంతాలలో పరిస్థితి

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం నిర్వహించింది. హైదరాబాదుతో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాలలో మొత్తం 10,293 మందిని పరీక్షించారు. నాటి రాష్ట్ర జనాభాలో 1.84 శాతం మందికి అంధత్వం ఉన్నట్లు అంచనా వేశారు. అందులో 44 శాతానికి కారణం శుక్లం; అనగా శస్త్రచికిత్సతో పోయేది. కళ్ళజోడుతో సరిదిద్దగల దృష్టిలోపం తరువాతి స్థానంలో ఉంది. రెటీనా వ్యాధుల వాటా వీటికన్న తక్కువే అయినా, అవి శుక్లంలా తొలగించగలిగినవి కావు. వంశపారంపర్యమైనవి చిన్న వయసులోనే మొదలై జీవితమంతా ఉంటాయి.

ఈ వ్యాధులలో చాలా వరకు అంతర్గత లక్షణాలు. అనగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులూ చెడినవైతేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు వాహకులు. వారి చూపు మామూలుగానే ఉంటుంది. కాబట్టి తమలో లోపం ఉన్నట్లు వారికి తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు వివాహాలు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే.

మేనరికంలో ప్రమాదం ఎంత పెరుగుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. ఒక జన్యులోపానికి నూరుమందిలో ఒకరు వాహకులని అనుకుందాం. వాహకులైన దంపతుల బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బంధుత్వం లేని దంపతుల బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 100ను 100తో, దానిని 4తో గుణించగా 40,000లో ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్ళాడితే, ఒకరు వాహకులైనప్పుడు అదే లోపం రెండవవారికి కూడా ఉమ్మడి పూర్వికుల నుండి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. అప్పుడు లెక్క సుమారు 3,200లో ఒకటి అవుతుంది. మేనమామ, మేనకోడలు పెళ్ళాడితే అది సుమారు 1,600లో ఒకటి. ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. అందువలననే ఊరిలో ఎవరికీ ఈ ప్రమాదం కంటికి కనిపించదు. వ్యాధి వచ్చిన ఇంటిలో మాత్రం అదే జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది.

రేచీకటి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. విటమిన్-ఏ లోపం వలన వచ్చే రేచీకటి, ఆ విటమిన్ అందిస్తే తగ్గుతుంది. జన్యులోపం వలన వచ్చే రేచీకటి ఆకుకూరలతో గాని, మాత్రలతో గాని తగ్గదు. విటమిన్ ఇచ్చినా బిడ్డకు సంధ్యవేళ దారి కనిపించకపోతే, ఆటలో పక్కనుండి వచ్చే బంతి తెలియకపోతే, కుటుంబంలో ఇంకెవరికైనా ఇటువంటి చూపు ఉంటే, రెటీనా నిపుణుల వద్ద పరీక్ష చేయించాలి. రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష ద్వారా దండ, శంకు కణాలలో ఏవి దెబ్బతిన్నాయో తెలుస్తుంది. రక్తపరీక్ష ద్వారా చాలామందిలో లోపమున్న జన్యువును గుర్తించవచ్చు.

చికిత్స లేని వ్యాధికి జన్యువు పేరు తెలిసి ఏమి లాభం అని అడిగేవారు ఉంటారు. లాభం మూడు విధాలు. లోపం ఆర్.పి.ఇ.65 వంటి చికిత్స ఉన్న జన్యువులోనా, కాదా అన్నది తేలుతుంది. రాబోయే ప్రయోగాలలో చేరడానికి అర్హత తెలుస్తుంది. అన్నిటికన్న ముఖ్యంగా, ఆ ఇంటిలోని మిగిలిన పిల్లల పెళ్ళి సంబంధం నిశ్చయించేముందు వాహకులెవరో తెలుసుకోవచ్చు. అయాన్ చానల్ మీద ప్రయోగశాలలో జరిగే పరిశోధన మందుగా మారి గోదావరి ఒడ్డుకు చేరడానికి ఇంకా కాలం పట్టవచ్చు. దానివలన లభించిన జ్ఞానం మాత్రం ఈనాడే ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

కన్ను, రెటీనా, జన్యువు, రేచీకటి, వర్ణాంధత్వం, ఇన్సులిన్, ఎల్లాప్రగడ సుబ్బారావు, ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ